పొణికి వేళ్లకు పల్చటి రంగు

సీసా మీది ఇంగ్లిషు మాటకు అర్థమేమిటని అడిగితే, "పెయి రంగు, అక్కా" అన్నాడు మా తమ్ముడు. నేను దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాను. ఒంటి రంగట! లోపల ఉన్నది అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల రంగు.

"ఎవని పెయిరా ఇది? మన వాడల గిసొంటి పెయి ఎవలికన్న ఉన్నదా?" అన్నాను.

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సీసా దుబాయి నుంచి నా కోసమే వచ్చిందని అప్పటికే తెలుసు. నా కోసం ఎవరైనా ఏదైనా తెస్తే ముందు కోపం రావడం ఆ రోజుల్లో నాకు అలవాటు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్ పక్కన క్రైస్తవుల వాడలో మా బాపు ఇల్లు, దాన్ని ఆనుకొని నా ఇల్లు. మా ఆయన లారీల మీద తిరిగేవాడు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. బాపు ఇళ్లకు సున్నాలు వేసే మేస్త్రీ. తమ్ముడు దుబాయి పోయి చాలా ఏళ్లయింది, అప్పుడు సెలవు మీద వచ్చాడు. దుబాయి పెట్టె తెరిస్తే దుప్పట్లు, సెంటు సీసాలు, టార్చిలైట్లు రావాలి. వీడి పెట్టెలో దుప్పటి ఒక్కటే ఉంది. దాని మడతల్లో వేలెడంత రంగు సీసాలు, గుడ్డలో చుట్టిన ఇనుప పెన్ను లాంటిదొకటి ఉన్నాయి. చూడ్డానికి వచ్చిన వాడ ఆడవాళ్లు మూతులు తిప్పుకొని పోయారు.

అంతకు కొన్నేళ్ల ముందు చెరుకు కాలంలో వర్ని ఊరి దిక్కు ఒక బెల్లం గానుగ దగ్గర కూలికి పోయాను. తిరిగే రోలర్ల మధ్యకు చెరుకుగడలు అందించే పని. ఒక గడ అడ్డం తిరిగింది, సరిచేద్దామని చెయ్యి పెట్టాను. ఎడమ చేతి నాలుగు వేళ్లు మొదళ్ల దాకా పోయాయి, బొటనవేలు మిగిలింది. ఇంతకు మించి చెప్పను. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది.

నొప్పి తగ్గింది. పనులు కూడా అలవాటయ్యాయి. ఒంటి చేత్తో రొట్టెలు కొట్టడం నేర్చుకున్నాను, బర్రె పాలు పిండడం నేర్చుకున్నాను. అలవాటు కానిది ఒక్కటే, జనం చూపు. బస్సులో గానీ కిరాణా దుకాణంలో గానీ ఎదుటి మనిషి చూపు ముందు నా మొహం మీద పడేది, తర్వాత కిందికి జారి చేతి దగ్గర ఆగిపోయేది. మాట్లాడుతున్న మాట కూడా అక్కడే ఆగేది. నేను కొంగు లాక్కొని కప్పుకునేదాన్ని.

అన్నిటికన్నా నన్ను కోసింది చర్చిలో జరిగిన సంగతి. మా చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభు భోజన సంస్కారం ఉంటుంది. ముందున్న చెక్క కటకటం దగ్గర అందరూ వరసగా మోకరించి దోసిలి పడతారు. పాస్టరు అయ్యగారు వరస వెంట వస్తూ ఒక్కొక్కరి దోసిట్లో రొట్టె ముక్క పెడతారు. దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి పోయి నేనూ దోసిలి పట్టాను. దోసిలి అనుకున్నది నేనే, అది దోసిలి కాదు. రొట్టె ముక్క జారి చాప మీద పడింది. అయ్యగారు ఆగిపోయారు. వరసంతా ఆగింది. ఆయన వంగి దాన్ని తీసి, ఇంకో ముక్క విరిచి, పసిపిల్లకు పెట్టినట్టు నా నోట్లో పెట్టారు. పాపం, మంచి మనసుతోనే పెట్టారు. ఆ మంచితనమే నాకు ఎక్కలేదు. ఆ తర్వాత ప్రతి మొదటి ఆదివారం సరిగ్గా ఆ వేళకు లేచి, నీళ్లు తాగే వంకతో బయట బోరింగు దగ్గరికి పోయేదాన్ని. అందరూ దేవుడి బల్ల దగ్గర ఉంటే నేనొక్కదాన్ని బోరింగు కొడుతూ ఏడ్చేదాన్ని. అక్కడికి మళ్లీ పోవాలని నాకు ఎంత ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

బాపు కనిపెట్టి ఫోనులో తమ్ముడికి చెప్పాడట. వాడు వచ్చిన మర్నాడే అడిగాడు.

"సంస్కారానికి పోతలేవట గద?"

"పోతలేను. నీకేంది?"

"నాకేం లేదు" అని లేచి పోయాడు. సాయంత్రం ఒక చెక్క ముక్కతో వచ్చాడు. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క. చేతిలో పెడితే ఉన్నట్టే అనిపించదు, అంత తేలిక. నా కుడి చెయ్యి కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీశాడు. కాగితం బోర్లా తిప్పాడు. కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయింది. పోయిన నా వేళ్ల ఆకారం కాగితం మీద కనబడింది.

వాడు దుబాయిలో చేసే పని అప్పటిదాకా మాకు సరిగ్గా తెలియదు. మొదట కూలిపనికే పోయాడు. తర్వాత నమూనాలు చేసే కార్ఖానాలో చేరాడు. అక్కడ ఆకాశమంత మేడ కట్టే ముందు దాన్ని మూరెడు ఎత్తు చేసి చూపిస్తారట. కిటికీలు, మెట్లు, ఖర్జూరం చెట్లు, గోరంత మనుషులు, అన్నీ ఉంటాయట. వాటికి రంగులు వేయడం వీడి పని. గోడకు, ఇసుకకు, చివరికి సముద్రానికి కూడా.

"సముద్రానికి రంగు ఎట్లేస్తవురా?" అని అడిగాను.

"ఏసినట్టు తెల్వకుంట ఏస్తమక్కా" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. దుబాయి పోయినోళ్లు గాలిలో మేడలు కడతారని విన్నాను, వీడు నిజంగా అదే పని చేస్తున్నాడు అని మాత్రం అనుకున్నాను.

చెక్క వేళ్లు చెక్కడానికి చాలా రోజులు పట్టింది. వాడు గడప మీద కూర్చుని చిన్న ఆకురాయితో గోళ్లు తీర్చాడు, కణుపుల మీద ముడతలు గీశాడు, లప్పం పెట్టి ఉప్పు కాగితంతో రుద్దాడు. నాలుగు వేళ్లూ ఒకే ముక్కలో, మొదట్లో నా చేతికి సరిగ్గా కూర్చునేలా. కట్టుకోవడానికి ఆగిపోయిన గడియారం పట్టీ ఒకటి వెతికి బిగించాడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, వేళ్లు చాచినట్టు లేవు, కొద్దిగా లోపలికి వంగి ఉన్నాయి. "వంకర పెట్టినవేందిరా?" అని కసిరాను. వాడు నా కుడి చేతిని పట్టుకొని దాని పక్కన పెట్టాడు. రెండూ కలిస్తే దోసిలి. నేను లేచి బర్రె దగ్గరికి పోయాను. దానికి అప్పుడే గడ్డి వేసి ఉన్నాను, మళ్లీ వేశాను.

ఇక రంగు మిగిలింది. రంగు అంటే పూయడమే కదా అనుకున్నాం. బాపు తన కుంచె ఒకటి కడిగి తెచ్చాడు. తమ్ముడు వద్దన్నాడు. చెక్క అయిపోయి చర్మం మొదలయ్యే చోట కుంచె పెడితే గీత కనిపిస్తుంది, కళ్లు నేరుగా ఆ గీత మీదికే పోతాయి అని వాడి వాదన. అందుకే ఆ ఇనుప పెన్ను. దాన్ని ఎయిర్ బ్రష్ అంటారు. వెనకాల చిటికెన వేలంత గిన్నె, అందులో రంగు పోయాలి. కింద ఒక గొట్టం, దాని గుండా గాలి రావాలి. వేలితో నొక్కితే రంగు పొగలా బయటికొస్తుంది.

గాలి ఇచ్చే మిషను బరువని వాడు తెచ్చుకోలేదు. వాడు పంక్చరు దుకాణానికి పోయి ట్రాక్టరు ట్యూబు ఒకటి అడుక్కొచ్చాడు. దాన్ని గాలితో నింపించి, సైకిలు మీద పెట్టుకొని, కింద పడకుండా ఒక చేత్తో పట్టుకొని వచ్చేవాడు. వాడ జనమంతా తలుపుల్లో నిలబడి చూసేది.

"దుబాయి పొయ్యొచ్చి ట్యూబులు మోస్తున్నవా కొడుకా" అని బాపు తల పట్టుకున్నాడు.

మొదటి రోజు సీసాలో ఉన్న రంగును ఉన్నట్టే గిన్నెలో పోసి నొక్కాడు. ఏమీ రాలేదు. గట్టిగా నొక్కితే ఒక ముద్ద వచ్చి చెక్క మీద పడింది. ఆ రంగు పెరుగు మీది మీగడ లాగా ఉంటుంది, సూది మొనంత రంధ్రంలోంచి అది ఎట్లా పోతుంది? పల్చన చెయ్యాలి. అక్కడే మా కథ మొదలైంది.

బోరింగు నీళ్లు కలిపాడు. రంగు వచ్చింది గానీ, ఆరిన తర్వాత తెల్లటి పొక్కులు తేలాయి. మా నీళ్లల్లో ఉప్పు ఎక్కువ, బిందెలకు పట్టే తెల్లటి గార నా వేళ్లకు పట్టింది. బాపు దగ్గరున్న పెయింటు ఆయిలు ఒక చుక్క వేసి చూశాడు. రంగు విరిగిన పాలలా ముక్కలు ముక్కలయింది. పైగా అవి రోహిణి ఎండలు. పెన్ను మొన దగ్గరే రంగు ఆరిపోయేది, చెక్క దాకా పోయేది వట్టి దుమ్ము. అక్కడ ఏసీ గదిలో చేసిన పని ఇక్కడ రేకుల కింద చెయ్యబోతే ఎట్లా అవుతుంది? వాడు మొనను గుడ్డతో తుడుచుకుంటూ, చెమట తుడుచుకుంటూ, ఏది దేంతో తుడుస్తున్నాడో మరిచిపోయేవాడు. మందుల దుకాణం నుంచి గ్లిజరిన్ తెచ్చి ఒక్క చుక్క వేస్తే ఆ దుమ్ము కాస్త తగ్గింది.

మృగశిర కార్తెలో మొదటి వాన పడింది. వాడు వాకిట్లో పళ్లాలు, గిన్నెలు అన్నీ పరిచాడు. నేను అన్నం గిన్నె ఇవ్వనంటే లాక్కుపోయాడు. ఆ వాన నీళ్లు గుడ్డలో వడగట్టి రంగులో కలిపాడు. ఒక గాజు గ్లాసులో పోసి వంచి, గోడ మీద ఎట్లా జారుతుందో చూశాడు.

"పాల లెక్క ఉండాలక్కా. గ్లాసుకు పట్టాలె, పట్టినంక జారాలె."

నేను గ్లాసు అందుకొని చూశాను. బర్రెను కాచేదాన్ని, పాల సంగతి నన్ను కాదని ఎవరు చెప్పగలరు? "ఇవి పిండిన పాలు. ఇంక జర నీళ్లు పొయ్యి" అన్నాను. ఇంకొన్ని చుక్కలు వేశాడు. "ఇప్పుడు హోటలుకు పోసే పాలు" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. ఆ రోజు నుంచి రంగు పల్చన సరిపోయిందా లేదా చూడడం నా పని అయింది. హోటలు పాలు అనే మాటే మా కొలత.

పల్చన తేలింది సరే, అసలు రంగు ఏది? ఎలుకపిల్ల సీసా మూత మళ్లీ తియ్యలేదు. వాడు నన్ను అరుగు మీద నీడలో కూర్చోబెట్టి, కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకోమన్నాడు. చూడడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు చూసేవాడు. ముందు నాకు ఒళ్లు మండింది. నా చేతులను ఎవరన్నా చూస్తే పడనిదాన్ని, వీడు కన్నార్పకుండా చూస్తుంటే ఎట్లా కూర్చోను? కానీ వాడి చూపు జనం చూపు లాంటిది కాదు. జనం లేనిదాన్ని చూసేవాళ్లు. వీడు ఉన్నదాన్ని చూస్తున్నాడు.

ఒక పళ్లెంలో పసుపు, ఎరుపు, నీలం చుక్కలు పెట్టి కలపసాగాడు. నల్ల సీసా మాత్రం ముట్టలేదు.

"నల్లది మర్చిపోయినవు" అన్నాను.

"నీ చేతుల నలుపు లేదక్కా."

"పుట్టినకాడికెల్లి నన్ను కర్రిది కర్రిది అన్నరు గదరా ఊరోళ్లంత!"

"ఊరోళ్లు సూడలె. పసుపున్నది, ఎరుపున్నది, నీలమున్నది, జర ఆకుపచ్చ సుత ఉన్నది. నలుపు ఏస్తే సచ్చిపోతది."

నేను వంగి నా చెయ్యి చూసుకున్నాను. నిజం చెబుతున్నాను, అన్నేళ్లు ఆ చేత్తో నాట్లు వేశాను, కలుపు తీశాను, పిండి పిసికాను, దాన్ని ఒక్కనాడూ చూడలేదు. కణుపుల మీద అల్లనేరేడు పండు ఛాయ ఉంది. వేళ్ల సందుల్లో గోధుమపిండి రంగు. నరాలు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. గోళ్ల కింద గులాబీ. చెయ్యి కొంచెం తిప్పితే అన్నీ మారిపోతున్నాయి. మనిషి చేతిలో ఇన్ని రంగులు పెట్టి, పెట్టినట్టు తెలియకుండా దాచిన వాడెవడో వాడికి దండం పెట్టాలనిపించింది. సముద్రం గురించి తమ్ముడు అన్న మాట అప్పుడు అర్థమైంది. నా చెయ్యి నాకే కొత్తగా, గొప్పగా కనబడింది. ఆ రాత్రి అన్నం కలుపుతూ కూడా దాన్నే చూసుకున్నాను.

రంగు కుదిరింది, పల్చన కుదిరింది, వేశాడు. వేళ్లు అచ్చం నావే అనిపించాయి. ఆరిన తర్వాత నేను వేలితో ముట్టుకుంటే రంగంతా పొడిలా ఊడి నా చేతికి అంటింది. నీళ్లు మరీ ఎక్కువయ్యాయి. పల్చన చేసేకొద్దీ రంగుకు పట్టు పోతుందని వాడికి తెలుసు, కానీ హోటలు పాలు హోటలు పాలు అని నేను నీళ్లు పోయిస్తూ పోయాను.

అప్పుడు బాపు గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్లూ తన కుంచెను కాదన్నారని ఆయన అలిగి ఉన్నాడు.

"సున్నంల బెల్లం నీళ్లు కలుపుతే గోడకు పట్టుకుంటది. ఇది పట్టుకోదా?"

నాకు ఒళ్లు తెలియలేదు. "నా ఏళ్లు తిన్నదే బెల్లం గానుగ! మల్ల బెల్లమే పూస్తరా నాకు?" అని అరిచాను.

బాపు అటు తిరిగి కూర్చున్నాడు. తమ్ముడు కాసేపు ఆలోచించి, మెల్లగా లేచి వంటింట్లోకి పోయి బెల్లం గడ్డ తెచ్చాడు. మా దిక్కు మనుషులకు ఏ పని చెడినా చేతికి ముందు తగిలేది బెల్లమే. దాన్ని వాన నీళ్లలో కరిగించి, వడగట్టి, రంగులో కలిపాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతంగా పట్టింది. నూనె రాసుకున్న చెయ్యిలా సన్నటి మెరుపు. ముట్టుకుంటే ఊడలేదు. బాపు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. వేళ్లను గూట్లో పెట్టి పడుకున్నాం.

పొద్దున లేచి చూస్తే గూట్లో వేళ్లు కదులుతున్నాయి. దగ్గరికి పోతే, చీమలు! గోళ్ల మీద, కణుపుల మీద, ముడతల్లో, ఇంత సందు లేకుండా చీమలు. గూటి నుంచి గోడ మీదుగా తలుపు దాకా బారు. ముగ్గురం గూటి ముందు నిలబడ్డాం. బాపు మొహం చూడాలి అప్పుడు.

"బోధన్ సీమలు బాపు, తీపి ఇడుస్తయా?" అన్నాను. అని నవ్వాను. నవ్వు ఆగలేదు, గోడకు ఆనుకొని కూలబడి కళ్లల్లో నీళ్లు కారేదాకా నవ్వాను. గానుగలో చెయ్యి పడ్డ తర్వాత ఆ చేతి సంగతి మీద నేను నవ్వడం అదే మొదలు. నన్ను చూసి తమ్ముడు, చివరికి బాపు కూడా నవ్వారు.

నవ్వులయ్యాక చూస్తే పని మొదటికొచ్చింది. ఉప్పు కాగితంతో మొత్తం గీకి, మళ్లీ తెల్ల చెక్క చేశాడు. వాడి సెలవు చివరికొచ్చింది. మధ్యలో ఒకే ఒక్క మొదటి ఆదివారం మిగిలింది. అది దాటితే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. నాకు భయం పట్టుకుంది. ఆశ లేనప్పుడు బాగానే ఉన్నాను, కోపంతో బతికాను. ఇప్పుడు ఆశ పెట్టి, చెయ్యకుండా పోతే ఏం కాను?

వాడు పెట్టె అడుగు నుంచి ఇంకో సీసా తీశాడు. అందులో ఉన్నది తెల్లగా, జిగటగా ఉంది. రంగు లేని రంగు అన్నాడు. రంగులో ఉండే పట్టు మాత్రమే అందులో ఉంటుంది, ఆరితే అద్దంలా అయిపోతుంది. నీళ్లతో పాటు దీన్ని కలిపితే రంగు ఎంత పల్చన చేసినా పట్టు పోదు. చివర్లో పైపూతకని దాచుకున్నాడట, అరసీసా కూడా లేదు.

"ఇది ఖతం అయితే ఇగ లేదక్కా. బోధన్ల దొరకది, నిజామాబాద్ల సుత దొరకది."

"చెడితే?"

"చెడితే చెడె" అన్నాడు గానీ సీసా మూతను రెండుసార్లు బిగించి చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. వాడు ట్యూబు నింపించుకొని వచ్చాడు. తలుపు దగ్గర వెలుగులో కూర్చున్నాం. నేను గ్లాసు వంచి చూసి తల ఊపాను. ఈసారి వాడు హోటలు పాలకు ఒక మెట్టు ఇవతలే ఆగాడు, నేనూ ఇంకా పొయ్యమనలేదు. ట్యూబు సుయ్యిమంది.

మొదట పసుపు. పసుపు అంటే పసుపు కాదు, పసుపు కడిగిన నీళ్లు. వేసినా ఏమీ కనబడలేదు. ఆరింది, మళ్లీ వేశాడు. నాకు ఓపిక నశించింది, "ఏస్తున్నవా ఊదుతున్నవా?" అన్నాను. వాడు వినలేదు. వేసి వేసి, ఎప్పుడు జరిగిందో తెలియదు, తెల్ల చెక్క మీద లేత వెచ్చదనం వచ్చింది. తర్వాత ఎరుపు, వేళ్ల కొసలకు, కణుపులకు. తర్వాత నీలమూ ఆకుపచ్చా కలిపి పల్లాల్లో. ఆ పూత పడేసరికి వేళ్లు శవం వేళ్లలా అయ్యాయి. బాపు చూడలేక వాకిట్లోకి పోయాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. తమ్ముడు మాత్రం ఆగలేదు. ట్యూబులో గాలి తగ్గుతుంటే దాని మీద మోకాలు పెట్టి నొక్కుతూ, అన్ని రంగులూ కలిపిన గోధుమ నీళ్లు పైనుంచి మంచులా వదిలాడు. ఒకసారి వదిలాడు. ఏమీ లేదు. ఆరనిచ్చి ఇంకోసారి. ఇంకోసారి.

అప్పుడు వచ్చింది. ఎట్లా చెప్పను? కిందున్న రంగులన్నీ పైకి రాకుండానే కనబడ్డాయి. లోపల నెత్తురు ఉన్నట్టు, తోలు కింద నరం ఉన్నట్టు, ఇప్పుడే పని ఆపి కాస్త విశ్రాంతి తీసుకుంటున్న చెయ్యి అయినట్టు. ఏ ఒక్క పూతా నా రంగు కాదు. అన్నీ కలిసి నేనయ్యాను. లేని వేళ్లలో సన్నగా తిమ్మిరి పాకింది, దేవుడి మీద ఆన, పాకింది. "తమ్మీ" అన్నాను. వాడు పెన్ను కింద పెట్టి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. తను చేసిందాన్ని చూసి తనే బెదిరిన మనిషిలా ఉన్నాడు. బాపు లోపలికొచ్చి, చాపమీది వేళ్లను చూసి, తొక్కకుండా ఎవరి చేతినో తప్పించినట్టు పక్కకు జరిగి నడిచాడు.

ఇప్పుడు వాటిని పెట్టుకోను. రంగు పెచ్చులూడింది, పట్టీ తెగింది, నాకూ వయసొచ్చింది. చూసేవాళ్లు చూస్తే చూడనీ అనే మొండితనం వచ్చింది. అయినా ఆ ముసురు మధ్యాహ్నాన్ని మించిన వింత నేను నా బతుకులో చూడలేదు.

మొదటి ఆదివారం వచ్చింది. తమ్ముడు పట్టీ బిగించి, గాజులు దాని మీదికి సర్దాడు. చెక్క మొదలైన చోటు కోసం నేను వెతికితే దొరకలేదు. కొంగు కప్పుకోబోతుంటే వాడు వారించాడు.

చర్చిలో సంస్కారానికి పిలిచేసరికి నా కాళ్లు అలవాటు కొద్దీ బోరింగు వైపు లేచాయి. వాటిని తిట్టుకొని ముందుకు నడిచాను. కటకటం దగ్గర మోకరించాను. నా పక్కన తమ్ముడు. దోసిలి పట్టాను. కంటికి రెండు చేతులూ ఒక్కటే. లోపల మాత్రం ఒక సగానికి చెమట పడుతోంది, ఒక సగానికి ఏమీ తెలియడం లేదు. అయ్యగారు వరస చివర మొదలుపెట్టారు. ఆయన అంగీ అంచు దగ్గరికొస్తుంటే నేను తల ఎత్తలేదు. ఆగుతారు, వంగి చూస్తారు, ఏదో ఒక మంచి మాట అంటారు అనుకున్నాను. మంచి మాట అంటే లేచి పోదామని కూడా అనుకున్నాను.

రొట్టె ముక్క నా దోసిట్లో పడింది. పడినట్టు తెలియలేదు, చూసి తెలుసుకున్నాను. చెక్క వేళ్ల వంపులో ఒదిగి ఉంది. అందరికీ చెప్పే మాటే ఆయన నాకూ చెప్పారు, అదే గొంతుతో. నేను తల ఎత్తేసరికి తమ్ముడి దోసిలి దగ్గర ఉన్నారు. అటు నుంచి ఇంకొకరి దగ్గరికి పోయారు. ఆగలేదు. రొట్టె నోట్లో పెట్టుకుంటే అది వట్టి రొట్టె, కొంచెం చప్పగా ఉంది. దాన్ని నమలలేక ఏడ్చాను.

బయటికొచ్చాక వాడలో ఒకామె నన్ను పట్టుకుంది. కనబడినప్పుడల్లా చేతిని చూసి నాలుక చప్పరించే మనిషి. "మా జల్లెడ తీస్కపోయి ఎన్ని దినాలాయెనే? ఇయ్యవా ఇగ?" అని నా మొహంలోకి చూస్తూ కడిగేసింది. నేను ఎడమ చెయ్యి ముందే పెట్టుకొని, రేపు తెస్తనని చెప్పాను. తెచ్చేదాకా నమ్మనని మళ్లీ తిట్టి పోయింది. అంత తియ్యటి తిట్టు నేను ఎన్నడూ తినలేదు.

గేటు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. వాడి మొహం పాలిపోయి ఉంది.

"ఎవలన్న సూసిండ్రా అక్కా?"

"ఎవ్వలు సూడలె తమ్మీ. ఒక్కలు సుత సూడలె."

వాడు గోడ వైపు తిరిగి మొహం దాచుకున్నాడు, భుజాలు కదిలాయి. సెలవంతా పోసి చేసిన పనిని ఒక్కరూ చూడలేదని విని అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.